పొద్దు గూకని సోమవారం

హైదరాబాద్ నుంచి డకార్‌కు పదివేల నూట ముప్పై కిలోమీటర్లు, విమానంలో పన్నెండు గంటల యాభై నిమిషాలు అని ఎంకమ్మక్కకు చెప్పింది నేనే. ఫోన్‌లో ఏదో సైటు తెరిచి, రెండు ఊళ్ళ పేర్లు కొట్టి, వచ్చిన అంకె చదివేశాను. తెలియని సంగతి అడిగితే తెలియదని చెప్పే అలవాటు నాకు మొదటినుంచీ లేదు. మా ఆవిడ ఈ ముక్క రోజుకోసారి గుర్తుచేస్తుంది గానీ, బుద్ధి రావడానికి నాకు ఆఫ్రికా దాకా పోవలసి వచ్చింది.

ఎంకమ్మక్కది బొంతపల్లి. ఇరవై ఎనిమిదేళ్ళుగా పటాన్‌చెరులో మా వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో పల్లి, అంటే వేరుశెనగ, మడుల్లో కూలి పని. కూలి అంటే కలుపు తీసే కూలి కాదు. రెండు రకాల పల్లిని కలిపి కొత్త రకం పుట్టించాలంటే ముందు ఒక మొక్క పూమొగ్గను సాయంత్రం పూట విప్పి, దాని లోపలి పుప్పొడి తిత్తులను చిమటాతో, అంటే సన్నటి పట్టకారుతో, ఒక్కటొక్కటే తీసేయాలి. మరునాడు తెల్లవారగానే వేరే మొక్క పుప్పొడి తెచ్చి అంటించాలి. మొగ్గ బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది. పెద్ద చదువులు చదివినవాళ్ళు వంద మొగ్గలు ముట్టుకుంటే ముప్పై కాయలు నిలబడతాయి. ఎంకమ్మక్క ముట్టుకుంటే డెబ్బై. ఎందుకో ఎవరికీ తెలియదు. ఆమెను అడిగితే, "పువ్వును గుంజొద్దు తమ్మీ, అడగాలె" అంటుంది. ఆ మాటను నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా. దాంతో నాకు ఒక్క కాయ ఎక్కువ నిలబడలేదు.

నేను రాంచందర్‌ను. అదే మడుల్లో ఫీల్డ్ టెక్నీషియన్‌ను. కాగితం మీద ఆమెకు సూపర్‌వైజర్‌ను. పని నేర్పింది ఆమే కాబట్టి ఆమె నన్ను సారూ అనదు, తమ్మీ అంటుంది.

డకార్ అనేది సెనెగల్ దేశంలో సముద్రం ఒడ్డు ఊరు. అక్కడా పల్లి పండిస్తారు. వాళ్ళ దగ్గర ఈ కలిపే పని సరిగ్గా కుదరడం లేదని, చేయి తిరిగిన మనిషిని పది రోజులు పంపమని అడిగారు. మా పెద్దసారు ఒక్క క్షణం ఆలోచించకుండా ఎంకమ్మ పేరు చెప్పాడు. తోడుగా, మాట చెప్పడానికి నన్ను వేశాడు. నాకొచ్చిన ఇంగ్లీషు ఏపాటిదో ఆయనకు తెలియదు. పాస్‌పోర్టు తీయించినప్పుడు ఆమె పుట్టిన తేదీ జనవరి ఒకటి అని తేలింది. నాదీ జనవరి ఒకటే. మా కేంద్రంలో పనిచేసే సగం మంది ఒకటో తారీఖునే పుట్టారు.

ముందు ఆమె రానంది. కారణం బిడ్డ. ఒక్కతే బిడ్డ అంకిత, ఇరవై నాలుగేళ్ళు. ఆ పిల్లకు రెండుసార్లు కడుపు వచ్చి జారిపోయింది. మూడోసారి నిలిచినప్పుడు తల్లి బొంతపల్లి వీరభద్రుడికి మొక్కుకుంది. బిడ్డ కడుపు పండి పసిగుడ్డు చేతికొచ్చేలా చూడు స్వామీ, పదహారు సోమవారాలు ఒక్కపొద్దు ఉంటాను అని. పొద్దుటి నుంచి చాయ్, నీళ్ళు తప్ప ఏమీ ముట్టదు. పొద్దు గూకాక దీపం పెట్టి, వండిన అన్నంలో మొదటి బుక్క కూతురి నోట్లో పెట్టి, రెండో బుక్క తను తింటుంది. కూతురు ఐదో నెలలోనే తల్లిగారింటికి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. పదమూడు వారాలు గడిచాయి. పిల్లకు ఎనిమిదో నెల నడుస్తోంది. కానుపుకు ఇంకా నెలన్నర ఉంది.

పొమ్మని పట్టుబట్టింది అంకితే. "నీకు విమానం ఎక్కే రాత ఉన్నది, నాకోసం ఆగుడెందుకు? పది రోజులే గదా" అంది. ఎంకమ్మక్క మెత్తబడింది. కానీ టికెట్టు చూస్తే బయలుదేరేది సోమవారం.

అప్పుడే గట్టు మీద కూర్చుని నన్నడిగింది. "తమ్మీ, ఎన్ని గంటల తొవ్వ?"

నేను ఫోన్ చూసి చెప్పేశాను.

ఆమె వేళ్ళ కణుపులు లెక్కపెట్టింది. తెల్లవారుజామున నాలుగు ఇరవైకి విమానం. దానికి పన్నెండు గంటల యాభై నిమిషాలు కలిపితే సాయంత్రం ఐదూ పది. "అయితె మంచిదే. దీపం పెట్టే యాళ్ళకు ఇంకా గంటన్నర ఉంటది" అంది.

నాకు అనుమానం వచ్చి టికెట్టు తీశాను. దాని మీద డకార్ చేరేది మధ్యాహ్నం మూడు నలభై అని ఉంది. మధ్యలో దుబాయ్‌లో మూడు గంటలు దిగి ఆగాలి కూడా. నా బుర్ర గిర్రున తిరిగింది. ఎక్కడా ఆగకుండా పోతే పన్నెండు గంటల యాభై, ఆగి పోతే పదకొండు గంటల ఇరవయ్యా?

"ఇంకా ముందుగాల్నే పోతదేంది?" అని ఆమె కూడా అడిగింది.

"పోయేటప్పుడు గాలి ఎనక నుంచి కొడ్తదక్కా" అన్నాను. ఆ అబద్ధం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె తల ఊపింది. "అట్లయితె తానం గూడ జేసి దీపం పెట్టుకోవచ్చు" అంది. ఆ ఊళ్ళో గడియారమూ మన గడియారమూ ఒకటి కావని నాకు తెలియకపోలేదు. టీవీలో క్రికెట్ చూసేవాడికి ఆ మాత్రం తెలుసు. కానీ ఒక్కపొద్దుకూ దానికీ ముడి ఉందని ఎవడికి తడుతుంది?

ఆదివారం రాత్రి ఎనిమిదింటికి ఆమెను తీసుకురావడానికి బొంతపల్లి పోయాను. అన్నం తిని చెయ్యి కడుక్కుంటోంది. అంకిత గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. మొహంలో రక్తం లేదు. కడుపులో బిడ్డ పైకి తన్నుకొచ్చి ఏం తిన్నా ఇమడడం లేదట. గంటకింత, గంటకింత తినమని డాక్టరమ్మ చెప్పిందట.

"రేపు ఎట్లనే అమ్మా? నాకు మొదటి బుక్క ఎవలు పెడ్తరు?" అంది అంకిత.

"రేపు నేను ఆడ దీపం పెట్టి తిన్నంక ఫోన్ జేస్త. ఫోన్ల మొఖం సూసుకుంట తిందువు" అంది ఎంకమ్మక్క. "ఏడు గంటలల్ల జేస్త. రాంచందర్ లెక్క జెప్పిండు."

"నువ్వు తిన్నంకనే తింట మల్ల. ఈ రెండు మూడు వారాలకు మొక్కు చెడగొట్టుకునుడెందుకు?"

మంచం మీద కూర్చున్న యాదన్న, ఎంకమ్మక్క పెనిమిటి, నా వైపు చూసి, "ఏడంటె ఏడుకే గద రాంచందర్?" అన్నాడు.

"అటు ఇటు అయితె పావుగంట" అన్నాను. ఎంత ధైర్యమో.

విమానం ఎక్కాక ఎంకమ్మక్క నా చేయి పట్టుకుంది, నేను కుర్చీ చేయి పట్టుకున్నాను. ఇద్దరికీ మొదటిసారే. పైకి లేచి నిలకడ పడ్డాక ఆమె కిటికీలోంచి కిందికి చూసి, "రింగు రోడ్డు బంగారు గొలుసు లెక్క కనవడుతుంది" అంది. తర్వాత నిద్రపోయింది. నేను నిద్రపోలేదు. కింద ఏమీ లేదన్న సంగతి ఒక్క నిమిషం కూడా మరిచిపోలేకపోయాను.

దుబాయ్‌లో దిగేసరికి అక్కడి గోడ గడియారం ఆరు నలభై చూపించింది. నా చేతి గడియారం ఎనిమిదీ పది.

"నీ గడియారం ఖరాబైందా తమ్మీ?"

"లేదక్కా. ఈడ యాళ్ళ ఎనక ఉంటది."

"ఎనక ఉంటె, గంటన్నర యాడికి పోయినట్టు?"

"యాడికీ పోదు. మల్లొచ్చేటప్పుడు ఇస్తరు."

ఆమె నా మొహంలోకి కాసేపు చూసింది. ఆటపట్టిస్తున్నానో, నిజంగా చెబుతున్నానో తేల్చుకోలేకపోయింది. నేనూ తేల్చుకోలేదు. విమానాశ్రయం వైఫై పట్టుకుని అంకితకు ఫోన్ కలిపాను. "మంచిగనే ఉన్న బిడ్డా, సాయంత్రం జేస్త" అని తల్లి చెప్పింది. "సరే అమ్మా, ఏడుకు కూసుంట" అని పిల్ల చెప్పింది. ఆ మాట నా చెవిలోనే పడింది. అప్పుడైనా నా బుర్రలో దీపం వెలిగి ఉంటే ఈ కథే లేదు.

రెండో విమానం తొమ్మిది నలభైకి లేచింది. అన్నం తట్టలు వచ్చాయి. ఎంకమ్మక్క వద్దంది. నేను నాదీ తిన్నాను, ఆమెదీ తిన్నాను. ముందు సీటు వెనక చిన్న తెర ఉంది. దానిలో విమానం బొమ్మ, కింద దేశాలు, ఇంకా ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు అన్నీ కనిపిస్తాయి. విమానం లేచిన దుబాయ్‌లో ఇప్పుడు ఎంతైందో, చేరే చోట ఎంతైందో పక్కపక్కనే చూపిస్తుంది. ఆ రెండు అంకెలు పక్కపక్కన చూస్తూ కూడా నాలుగు గంటలు నేను సినిమాలు మారుస్తూ కూర్చున్నాను.

కింద ఇసుక. గంటల తరబడి ఇసుకే. పైన ఎండ. ఎంకమ్మక్క కిటికీ రెక్క సగం దించి, ఎత్తి, మళ్ళీ దించి చూస్తోంది.

"తమ్మీ, నీ గడియారంల ఎంతైంది?"

చూశాను. ఆరు నలభై ఐదు.

"మరి పొద్దు గూకాలె గదా. నెత్తి మీదనే ఉన్నదేంది?"

అప్పుడు తట్టింది. నా గడియారం, ఆ తెర మార్చి మార్చి చూశాను. మన ఊరి దగ్గర ఆరు నలభై ఐదు. డకార్‌లో మధ్యాహ్నం ఒంటిగంటా పావు. ఇంకా రెండున్నర గంటల ప్రయాణం.

"మనం పొద్దు ఎంబడే పోతున్నం అక్కా. పొద్దు పడమటికి పోతది, మనం గూడ పడమటికే పోతున్నం. అందుకే అది గూకుతలేదు."

"విమానం అంత జోరుగ పోతుంటె, మరి దాన్ని దాటుతమా?"

"దాటం. అది ముంగట, మనం ఎనక."

"ఈడ గూకకుంటె ఆడ ఎట్ల గూకుతది? ఉన్నది ఒక్కటే పొద్దు గదా."

ఎలా చెప్పను? నాకే సరిగ్గా అర్థం కాలేదు. నీళ్ళ గ్లాసు మూత భూమి అన్నాను, పైన దీపం సూర్యుడు అన్నాను. మూతను ఎటు తిప్పాలో మరిచిపోయి రెండుసార్లు రెండు వైపులకు తిప్పాను. చివరికి విసిగిపోయి ఉన్నమాట చెప్పాను. "అక్కా, బొంతపల్లిల ఇప్పుడు దీపం పెట్టే యాళ్ళ అయింది. ఈడ కాలే. నా లెక్క తప్పింది."

ఆమె నా చేతిలోని మూత తీసి పక్కన పెట్టింది. తన మొక్కు గురించి ఒక్క మాట రాలేదు. "అయితె పిల్ల పళ్ళెం ముంగట పెట్టుకొని కూసుంటది" అంది.

"ఫోన్ రాకపోతె తింటది తియ్యక్కా."

"తినదు. నా బిడ్డ గద. ఫోన్ కలుపు తమ్మీ."

విమానంలో పనిచేసే పిల్లల్లో హిందీ తెలిసిన అమ్మాయిని పిలిచాను. ఆకాశంలో కూడా ఇంటర్నెట్ ఉంటుందట, కానీ ఈ విమానంలో అది పనిచేయడం లేదట. సారీ అంది. ఎంకమ్మక్క ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుని, "బిడ్డా, కడుపుతోని ఉన్న పిల్ల, ఒక్క మాట జెప్పాలె" అని తెలుగులోనే అడిగింది. ఆ అమ్మాయికి మాట అర్థం కాలేదు, బాధ అర్థమైంది. నీళ్ళు తెచ్చిచ్చింది. అంతకంటే ఆమె మాత్రం ఏం చేస్తుంది.

"అక్కా, మొక్కింది బొంతపల్లి దేవునికి. బొంతపల్లిల పొద్దు గూకింది. నువ్వు ఇప్పుడే తిను, లెక్క సరిపోతది" అన్నాను.

"కండ్ల ముంగట ఇంత ఎండ పెట్టుకొని ఎట్ల తినాలె? దేవుడు గుడ్డోడా?"

"మరి ఏం జేస్తవ్?"

"నాకేం తెలుసు? పన్నెండు గంటలంటివి నువ్వు."

ఆ తర్వాత రెండున్నర గంటలు ఆమెకు ఆ తెరే లోకం. తెర మీద కిలోమీటర్లు తగ్గుతుంటే చూస్తూ కూర్చుంది. ఆమెకు అంకెలు వచ్చు. రెండు వేలు పందొమ్మిది వందలయ్యేదాకా చూసింది, పందొమ్మిది వందలు పద్దెనిమిది వందలయ్యేదాకా చూసింది. కిందికీ చూడలేదు, పొద్దు వైపూ చూడలేదు. నాకైతే ఆ విమానాన్ని వెనక నుంచి నెట్టాలనిపించింది.

మూడు నలభైకి దిగాము. టికెట్టు మాత్రం అబద్ధం చెప్పలేదు. లైనులో నిలబడి, ముద్రలు వేయించుకుని, సామాను పట్టుకుని, హాల్లో ఫోన్‌కు వైఫై కలిసేసరికి అక్కడ నాలుగు ముప్పావు. నా చేతి గడియారంలో రాత్రి పదీ పావు.

వీడియో కలిపాను. యాదన్న ఎత్తాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. "యాడున్నరయ్యా? మూడు గంటల సంది పిల్ల పళ్ళెం ముంగట కూసున్నది. మధ్యాన్నం తిన్నది గూడ కక్కింది. చెమటలు పోస్తున్నయి. తినమంటె తింటలేదు, అమ్మ ఫోన్ రాలే అంటది."

ఫోన్ అంకిత వైపు తిరిగింది. ఆ పిల్ల పెదాలు తెల్లగా ఉన్నాయి. "అమ్మా, తిన్నవా?"

నేను పక్క నుంచి, "తిన్ననని చెప్పక్కా" అని గొణిగాను.

"తిన్న బిడ్డా" అంది ఎంకమ్మక్క.

అంకిత తెరలోకి కళ్ళు చిట్లించి చూసింది. మా వెనక ఇంత ఎత్తు అద్దాల గోడ. దాని నిండా ఎండ. "నీ ఎనక ఎండ కొడ్తుంది గదనే. పొద్దు గూకకముందే ఎట్ల తిన్నవ్? నా కడుపు మీద ఒట్టు పెట్టి చెప్పు."

ఎంకమ్మక్క నోరు తెరిచింది, కళ్ళు పక్కకు తిప్పుకుంది. ఆ ఒట్టు ఏ తల్లి పెడుతుంది?

"తినలేవు. నాకు తెలుసు. నేను గూడ ఆగుత" అంది పిల్ల. తల గోడకు ఆనించింది. ఆ తల నిలబడడం లేదు.

"ఆగకు. ఇప్పుడే తింట, నువ్వే సూడు" అని ఎంకమ్మక్క సంచి విప్పింది. రాత్రికి పనికొస్తాయని తెచ్చుకున్న అటుకులు, బెల్లం అందులో ఉన్నాయి. హాల్లో అందరూ తిరుగుతుండగా కిందే కూర్చుంది. దోసెట్లోకి అటుకులు తీసుకుని బెల్లం నలిపింది.

"అమ్మా, వద్దే. పదమూడు వారాలు ఉన్నవ్."

"వారాలు నాయి, నేను జూసుకుంట. నోరు తెరువు."

అటుకుల బుక్కను ఫోన్ తెర దగ్గరికి పట్టింది. అక్కడ బొంతపల్లిలో పిల్ల అలవాటు చొప్పున నోరు తెరిచింది. తెర పక్క నుంచి యాదన్న చేయి వచ్చింది. పళ్ళెంలోంచి అన్నం ముద్ద తీసి కూతురి నోట్లో పెట్టింది. ఆ మనిషి జన్మలో ఎవరికీ అన్నం తినిపించి ఉండడు. సగం మెతుకులు ఆమె కొంగు మీద పడ్డాయి. ఇక్కడ ఎంకమ్మక్క అటుకులు తన నోట్లో వేసుకుంది. దవడ ఆడించింది. ఎండ ఆమె మొహం మీద పడుతోంది, పిల్లకు అంతా కనిపిస్తోంది.

అంకిత తినడం మొదలుపెట్టింది. ముందు మెల్లగా, తర్వాత ఆబగా. మధ్యలో ఏడుస్తూ ఏదో అడిగింది, తల్లి "ఊఁ" అంది. ఆ ఊరు ఎట్లుందని అడిగింది, తల్లి తల ఊపింది. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఎంకమ్మక్క రెప్ప వేయలేదు. పిల్ల నీళ్ళు తాగి, "ఇగ పండుకుంట అమ్మా" అన్నాక చేయి ఊపింది. తెర ఆగిపోయింది.

నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. "పోనీ అక్కా, దేవుడు అర్థం జేసుకుంటడు. మిగిలినవి గూడ తిను" అన్నాను.

ఆమె స్తంభం చాటుకు తిరిగింది. కొంగు నోటి దగ్గర పెట్టుకుంది. దవడ పక్కన దాచిన అటుకుల ముద్ద మొత్తం కొంగులోకి ఉమ్మి మూట కట్టింది. సీసా నీళ్ళతో నోరు పుక్కిలించి, చెత్తబుట్ట దగ్గరికి పోయి ఊసి వచ్చింది.

"మింగలే తమ్మీ" అంది.

నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

"మింగితె మొక్కు పోతది. తినకపోతె పిల్ల పోతది. నన్నేం జెయ్యమంటవ్?" అంది. అప్పుడు ఏడ్చింది. గట్టిగా కాదు. కొంగు మూట పట్టుకుని, ముక్కు చీదుకుంటూ, పొలం గట్టు మీద కూర్చున్నట్టే కూర్చుని ఏడ్చింది. నాకు కోపం వచ్చింది. విమానం కంపెనీ మీద, ఆ సైటు మీద, ఎవరి మీదో తెలియకుండా వచ్చింది. కాసేపటికి అది ఎవరి మీదో తెలిసింది. నోరు మూసుకుని సంచులు మోశాను.

అక్కడి వాళ్ళ కారు మమ్మల్ని గెస్ట్‌హౌస్‌కు చేర్చేసరికి ఆరు దాటింది. ముందు గదిలో నాకోసం కోడికూర, అన్నం పెట్టి ఉంచారు. ఆకలిగానే ఉంది. రెండు తట్టలు తిన్నవాడికి ఆకలేమిటో. ముట్టలేదు. ఎంకమ్మక్క స్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని, మేడ మీదికి ఎక్కి కూర్చుంది. నేనూ ఎక్కాను. ఎదురుగా సముద్రం. సముద్రం మీద నల్లటి మబ్బు. పొద్దు దాని వెనక్కు పోయింది.

"గూకిందా?"

"ఏమో అక్కా."

"మబ్బుల ఉన్నదా, నీళ్ళల్ల మునిగిందా?"

"కనవడ్తలేదు."

"నీ ఫోన్ల సూడు."

నాకు ఫోన్ తీయబుద్ధి కాలేదు. "ఫోన్ మాట ఇనొద్దక్కా. జెర సేపు ఆగుదం" అన్నాను. ఇరవై ఏళ్ళలో నేను ఆమెతో తెలియదని చెప్పింది అదే మొదటిసారి అనుకుంటాను. ఆమె నా వైపు తిరిగి చూసి, చిన్నగా నవ్వింది కూడా. ముందురోజు రాత్రి బొంతపల్లిలో తిన్న అన్నం తర్వాత ఆమె కడుపులో ఏమీ పడలేదు.

మబ్బు ఎర్రబడింది, బూడిద రంగుకు తిరిగింది. కింద గేటు దగ్గర కాపలా మనిషి చాప పరిచి నమాజుకు నిలబడ్డాడు. వీధి దీపం వెలిగింది. ఎంకమ్మక్క గోడ మీద కర్పూరం బిళ్ళ పెట్టి వెలిగించింది. గాలికి రెండుసార్లు ఆరిపోతే నేను చేతులు అడ్డం పెట్టాను. ఆమె కళ్ళు మూసుకుని తూర్పుకు మొక్కింది. పడమటికి మొక్కాలా, బొంతపల్లి ఉన్న దిక్కుకు మొక్కాలా అని నన్ను అడగలేదు.

కొత్త అటుకులు దోసెట్లోకి తీసుకుంది. నోటి దాకా తెచ్చి ఆపింది.

"తమ్మీ, ఒక్క మాట. ఆడ, మనూళ్ళె, సోమారం దాటలే గద?"

నా గడియారాన్ని నేను ఇంకా మార్చలేదు. ముళ్ళు ఒంటిగంటా పది దగ్గర ఉన్నాయి. వారం చూపించే చిన్న గడిలో మంగళవారం వచ్చి కూర్చుంది. ఆమె నా మొహం వైపే చూస్తోంది. నేను చొక్కా చేయి గడియారం మీదికి లాగాను.

"సోమారమే అక్కా" అన్నాను.

ఆమె అటుకులు నోట్లో వేసుకుని, నమిలి, మింగింది.